దక్షిణం గేటు

నవంబరు 12, 1926

గాలి ఈ ఉదయం ఆగింది. మూడు పగళ్లూ మూడు రాత్రులూ ఇల్లు ఊడబెరుకుతుందేమో అన్నట్టు కొట్టి, ఏమీ ఎరగనట్టు ఆగిపోయింది. నాన్న, తమ్ముడు లైల్, ముసలి పనివాడు బెర్టిల్ గుర్రాలెక్కి పశువుల్ని చూడటానికి దక్షిణం పొలానికి వెళ్లారు. మధ్యాహ్నానికి నాన్న ఒక్కడే తిరిగొచ్చాడు. వంటింట్లోకి వచ్చి, చేతి తొడుగులు కూడా తీయకుండా పొయ్యి ముందు నిలబడ్డాడు.

"ఎన్ని?" అన్నాను.

"లెక్క తెలియాలంటే ముందు మంచు తవ్వాలి. కంచె కనపడటం లేదమ్మాయ్. దానిమీద ఒకదానిమీద ఒకటి పడి గడ్డకట్టుకుపోయాయి. వెనకాలొచ్చినవి వాటిని తొక్కుకుంటూ అవతలికి పోయాయి. అవే బతికాయి."

"గేటు?"

అడగకుండా ఉండాల్సింది.

"మూసుంది. గొలుసు కూడా తగిలించుంది."

మొక్కజొన్న రొట్టె మాడిపోయింది. అమ్మ పోయాక ఈ పంతొమ్మిదేళ్లలో నేను మాడ్చిన రొట్టెలు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. నాన్న ఆ మాడిందే తిన్నాడు.

నవంబరు 13

అరవై మూడు. అందులో నలభై పైగా చూడివి. మగవాళ్లు తోళ్లు వలుస్తున్నారు. లైల్ భార్య డెలియాకి వేవిళ్లు తగ్గాయనుకుంటే ఆ వాసనకి మళ్లీ మొదలు. పొయ్యి పొగలు కక్కుతోంది. ఇంత చలిలోనూ కిటికీలు తెరవాల్సొచ్చింది.

నవంబరు 14

ఇవాళ జరిగింది జరిగినట్టు రాసుకోవాలి.

పొద్దుటి కాఫీల దగ్గర నాన్న లైల్‌ని నిలబెట్టాడు. బల్ల చుట్టూ అందరం ఉన్నాం. నేను, డెలియా, బెర్టిల్.

"గాలి ఉత్తరం నుంచి కొడితే పశువు ఏం చేస్తుందిరా? ఇక్కడే పుట్టావుగా, చెప్పు."

"తోక గాలికిచ్చి నడుస్తుంది."

"ఎందాకా?"

"ఏదో ఒకటి అడ్డం తగిలేదాకా."

"అందుకని మనమేం చేస్తాం?"

"మబ్బు చూడగానే దక్షిణం గేటు తీసి, మూసుకుపోకుండా బార్లా కట్టేస్తాం. వాగులోకి దిగిపోతాయి. గట్టు చాటున బతుకుతాయి." లైల్‌కి ఇరవై ఆరేళ్లు. పదేళ్ల వాడిలా పాఠం అప్పజెప్పాడు.

"కట్టావా?"

"కట్టాను నాన్నా. పాత కళ్లెం తోలు పగ్గంతో కట్టాను. రెండు ముళ్లేశాను."

"ఏదీ ఆ పగ్గం? స్తంభం చుట్టూ మోకాలిలోతు తవ్వాను. లేదు. గాలి మింగిందా? గాలే వచ్చి ముడి విప్పి, గేటు లాగి, గొలుసు కూడా తగిలించి పోయిందా?"

లైల్ తన చేతులవంక చూసుకున్నాడు. "కట్టాననే అనుకుంటున్నాను."

"అనుకోవడమేంటి?" అంది డెలియా. "ఆ పొద్దున వచ్చి నాతో చెప్పావు కదా, కట్టొచ్చానని."

"నీతో చాలా చెప్తాడులే అమ్మా," అన్నాడు నాన్న. తర్వాత లైల్ మొహంలోకి చూస్తూ, మెల్లగా, ఆ మెల్లదనమే నాకు భయం, అన్నాడు: "నీ కళ్లతో చూశావా, ఆ ముడి? వెనక్కి తిరిగి చూశావా? లేక రోజూ చేసే పనే కదా, చేసే ఉంటానులే అనుకున్నావా?"

లైల్ "ఏమో నాన్నా," అన్నాడు.

అంతే. ఆ 'ఏమో'తో వాడి పని అయిపోయింది. అరవై మూడింటిని చంపిన చేతులకి మిగిలినవి అప్పగించనన్నాడు నాన్న. నీ గుర్రం, నీ జీను తీసుకుని పెళ్లాంతో సహా బయటికి నడవమన్నాడు. బెర్టిల్ ఏదో అనబోతే, "నీక్కూడా దారి తెలుసు," అన్నాడు.

వాళ్లకి రొట్టె, ఉప్పుచేసిన పంది మాంసం, ఆపిల్ మురబ్బా సీసా మూటకట్టాను. బండి ఎక్కేముందు లైల్ నా దగ్గరికొచ్చాడు.

"నువ్వైనా నమ్ముతావా అక్కా?"

"చలి ముదురుతోంది, త్వరగా బయల్దేరండి," అన్నాను.

నవంబరు 15

గేటు నేనే మూశాను. ఇదిగో, రాసేశాను.

తుఫాను రోజు మధ్యాహ్నం నా నీలిగుర్రం, ఆ బూడిదరంగుది, తప్పిపోతే వెతుక్కుంటూ దక్షిణం వైపు వెళ్లాను. గేటు దాటి వాగుదాకా వెళ్లి, దాన్ని పట్టుకుని తిరిగొచ్చాను. వస్తూ గేటు మూశాను. ఈ దేశంలో పిల్లలకి నడక రాకముందే నేర్పేది అదే, గేటు దాటితే వెనక్కి తిరిగి మూయమని. నాకు ఆరేళ్లప్పుడు ఒకసారి మర్చిపోతే నాన్న నన్ను గుర్రం దింపి మైలు దూరం వెనక్కి నడిపించాడు, మూసి రమ్మని. ఆ చెయ్యికి తుఫానుకి ముందు, తుఫానుకి తర్వాత అని ఏం తెలుసు? దానంతట అదే మూసేసింది.

ఇది నేరమేమీ కాదు, అలవాటు. నాన్న కోపం చల్లారాక చెబుతాను. ఇప్పుడు చెబితే ఇద్దర్నీ తిడతాడు. దానివల్ల లైల్‌కి ఒరిగేదేముంది?

నవంబరు 25

దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకునే పండగ. నాన్న ప్రార్థన మూడు ముక్కల్లో ముగించాడు. 

"వెర్నమ్మా," అన్నాడు బెర్టిల్, "ఈ టర్కీ కోడి ఆరుగురికి సరిపోతుంది. ముగ్గురం తిని చచ్చేలా ఉన్నాం."

నాన్న నవ్వలేదు. ఇంకో ముక్క వేసుకున్నాడు.

మేడమీద లైల్ వాళ్ల గది ఊడ్చి, నా కుట్టు సామాను అక్కడికి చేర్చాను. వెలుతురు బాగుంటుంది. కింద కూడా వెలుతురు బాగానే ఉండేది.

డిసెంబరు 19

డెలియా ఉత్తరం రాసింది, నాకు కాదు, బెర్టిల్‌కి. లైల్‌కి కార్బిన్ ఊళ్లో రైల్వే స్టేషన్ దగ్గర పని దొరికిందట. ఇంజన్లకి బొగ్గు పారతో ఎత్తిపోసే పని. ఈ జిల్లాలో పశువు కంట్లో నలుసు పడ్డా దూరం నుంచి కనిపెట్టగలిగేవాడు లైల్ ఒక్కడే. పక్క పశువుల రాంచ్ వాళ్లు రమ్మని కబురు పెడితే, పశువుల పని ఇక చెయ్యనన్నాడట.

అటకమీది ఉయ్యాల తొట్టి పంపగలరా అని అడిగింది. నేనే దించి, తుడిచి, నూనె రాసి, అడుగున కొత్త బొంత వేసి బెర్టిల్ బండిలో పంపాను. సాయంత్రమంతా మనసు తేలిగ్గా ఉంది. ఇంత చేశాను కదా అనిపించింది.

జనవరి 8, 1927

ఇవాళ చెబుదామనుకున్నాను. నాన్నకి పంటి నొప్పి.

జనవరి 11

నొప్పి తగ్గలేదు.

జనవరి 17

పన్ను పీకించుకుని వచ్చాడు. ఇవాళ నాకు తలనొప్పి.

ఫిబ్రవరి 22

డెలియాకి ఆడపిల్ల పుట్టిందట. బెర్టిల్ వెళ్లి చూసొచ్చాడు. నాన్న గడ్డివామి దగ్గరుంటే అక్కడికే వెళ్లి చెప్పాను. "ఊఁ," అని గడ్డి లాగుతూనే ఉన్నాడు. కానీ ఆ తర్వాత లాగిన గడ్డినే మళ్లీ వామిమీదికి ఎత్తాడు.

బెర్టిల్ గిన్నెలు తుడవడానికి సాయమొచ్చి గుసగుసలాడాడు.

"వాడు బాగా లేడు వెర్నమ్మా."

"జబ్బా?"

"ఒంటికి కాదు. బొగ్గు కొట్టం తలుపు గడియ పెడతాడు, పది అడుగులేసి వెనక్కొచ్చి చూస్తాడు. మళ్లీ నడుస్తాడు, మళ్లీ వస్తాడు. నేను చూస్తుండగా నాలుగుసార్లు. తోటి పనివాళ్లు నవ్వుతున్నారు. వాడూ నవ్వుతున్నాడనుకో."

"ఊళ్లో దొంగలెక్కువ," అన్నాను.

బెర్టిల్ నావైపు చూసి, పళ్లెం మళ్లీ తుడిచాడు, అప్పటికే తుడిచిందే.

మార్చి 6

నవంబరులో రాసింది చదువుకున్నాను. చేతి అలవాటట! ఎవరికోసం రాశాను ఆ అబద్ధం? ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. 

సరే, అసలుది రాస్తాను. తుఫాను రోజు పొద్దున కాఫీ తాగుతూ లైల్ అన్నాడు, "బిడ్డ పుడితే గది చాలదు. అక్కకి ఊళ్లో ఒక గది చూస్తే ఎలా ఉంటుంది నాన్నా? మనుషుల్లో ఉంటుంది, తనకీ కాలక్షేపం." మంచి మనసుతోనే అన్నాడు. అదే ఇంకా మండించింది. పదిహేనేళ్లప్పట్నుంచీ నా చేతులతో నడిచిన వంటిల్లు. వీణ్ణి నేనే పెంచాను. అమ్మ పోయేనాటికి వీడికి ఏడేళ్లు, నా కొంగు పట్టుకుని పడుకునేవాడు. ఇప్పుడు నాకు కాలక్షేపం వెతుకుతున్నాడు. నాన్న కాదనలేదు. "చూద్దాం," అన్నాడు.

నీలిగుర్రం తప్పిపోలేదు. నేనే దానిమీద వెళ్లాను, ఎటు పోతున్నానో తెలియకుండా. దక్షిణం గేటు బార్లా తెరిచి ఉంది. కళ్లెం పగ్గం, రెండు ముళ్లు. గట్టిగా బిగుసుకుపోయింది, పళ్లతో లాగి విప్పాను. అలవాటు చెయ్యి పళ్లతో ముడి విప్పుతుందా వెర్నా? గేటు మూసి, గొలుసు తగిలించి, పగ్గం కోటు జేబులో వేసుకున్నాను. ఉత్తరాన మబ్బు నల్లగా లేచి ఉంది. చూశాను.

సాయంత్రం నాన్న ముందు, "దక్షిణం గేటు మూసుందే, ఎవరూ తీయలేదా?" అనాలి. వాడు వెర్రిమొహం వేసుకుని మళ్లీ పరిగెత్తాలి. అంతే నేను కోరుకుంది. కానీ గాలి నాలుగింటికే విరుచుకుపడింది, మగవాళ్లు కొట్టం నుంచి ఇంటికి కట్టిన తాడు పట్టుకుని నడిచొచ్చారు. అప్పుడు నోరు తెరిస్తే లైల్ ఆ గాలిలోకి పోయేవాడు. పోయి చచ్చేవాడు. కాబట్టి ఒకరకంగా వాణ్ణి కాపాడాను అని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. మూడు రోజులు కిటికీ పక్కన కూర్చుని మేజోళ్లు అల్లాను. రెండు జతలు పూర్తయ్యాయి.

పగ్గం పదమూడో తారీఖున పొయ్యిలో వేశాను.

సిగ్గుగా ఉంది. ఈ మాట రాయడానికి నాలుగు నెలలు పట్టింది.

మార్చి 27

చెప్పేశాను.

ఈతలు జోరుగా ఉన్నాయి. రాత్రింబవళ్లు ఎవరో ఒకరం కొట్టంలోనే. ఇవాళ పొద్దున ఒక ఎర్రావుకి దూడ చచ్చి పుట్టింది. పక్క గదిలో తల్లి చచ్చిన దూడ ఒకటి ఆకలికి అరుస్తోంది. నాన్న చచ్చినదాని తోలు వలిచి, బతికున్నదానికి చొక్కాలా తొడుగుతున్నాడు, ఆవు వాసన చూసి తన దూడే అనుకునేలా. నేను దూడ కాళ్లు పట్టుకున్నాను. అలా కింద కూర్చుని, ఇద్దరి చేతులూ రక్తంతో జిగటగా ఉండగా, నా నోటినుంచి వచ్చేసింది.

"నాన్నా, లైల్ గేటు కట్టాడు. నేను విప్పాను."

"కాళ్లు గట్టిగా పట్టుకో," అన్నాడు.

ముడి వేసి, ఇంకో ముడి వేసి, దూడని ఆవు ముందుకి తోశాడు. ఆవు వాసన చూసింది. ఒకసారి తన్నింది, మళ్లీ చూసింది, నాకడం మొదలుపెట్టింది. అప్పుడు చేతులు గడ్డికి తుడుచుకుంటూ అన్నాడు.

"తెలుసు."

"ఏం తెలుసు?"

"తోలు కాలితే ఎలా ఉంటుందో యాభై ఏళ్లుగా పశువులకి వాతలేసేవాడికి తెలియదా? నేను లోపలికొచ్చేసరికి వంటిల్లంతా అదే కంపు. నువ్వేమో కిటికీలు తెరుస్తున్నావు."

"పద్నాలుగో తారీఖుకే తెలుసా? వాణ్ణి నిలబెట్టి అడిగేటప్పటికే?"

"తెలుసు."

"మరి వాణ్ణి ఎందుకు..."

"ఇద్దరిలో ఒకళ్లు పోవాలి. ఒకే కప్పు కింద మీ ముగ్గురూ ఇమడరని అప్పటికే తేలిపోయింది." నాన్న నా మొహం వైపు చూడకుండా దూడనే చూస్తున్నాడు. "వాడు మగాడు. చేతులున్నాయి, పెళ్లాం ఉంది, ఎక్కడైనా బతుకుతాడు. నీకెవరున్నారు? నిన్ను గెంటేస్తే ఎక్కడికి పోతావు? పైగా నాకు వండిపెట్టేదెవరు?"

ప్రేమో స్వార్థమో నాకు అర్థం కాలేదు. ఆయనకీ తెలిసినట్టు లేదు.

"వాడికి చెబుతాను," అన్నాను.

"చెబితే వాడు తిరిగొస్తాడు. వస్తే ఈ ఇంట్లో నీకు చోటుండదు, వాడి పెళ్లాం ఉండనివ్వదు. ఆలోచించుకో." లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. "చూడు, పాలు తాగుతోంది."

మార్చి 30

ఆలోచించుకోవడానికి ఏముంది? ఆలోచించుకున్నాను. భయమేసింది. మళ్లీ ఆలోచించుకున్నాను. 

ఏప్రిల్ 3, ఆదివారం

పొద్దున్నే నీలిగుర్రం మీద కార్బిన్ వెళ్లాను. పన్నెండు మైళ్లూ ఒకటే వల్లించుకున్నాను, ఎందుకు విప్పావని అడిగితే ఏం చెప్పాలో. తిడితే పడాలనుకున్నాను. కొట్టినా పడాలనుకున్నాను.

రైలు పట్టాల వెనక రెండు గదుల ఇల్లు. డెలియా తలుపు తీసింది, భుజం మీద బిడ్డ.

"మీరా వదినా," అంది. రమ్మనలేదు, వద్దనలేదు. పక్కకి జరిగింది.

లైల్ కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. చెవుల వెనక బొగ్గు నలుపు, సబ్బుకి పోనిది. సన్నబడ్డాడు. నన్ను చూసి లేచాడు, చిన్నప్పుడు లేచినట్టే. "అక్కా, నాన్న బాగున్నాడా?"

కూర్చుంటే చెప్పలేనని నిలబడే చెప్పాను. "నువ్వు కట్టావు లైల్. పగ్గంతోనే కట్టావు. రెండు ముళ్లు. నేను విప్పాను. గేటు మూసింది నేను. పగ్గం పొయ్యిలో వేశాను."

వాడు కోపగించుకోలేదు. అర్థం కానట్టు నుదురు చిట్లించాడు.

"రెండు ముళ్లా?"

"రెండు."

"ఏ స్తంభానికి?"

"మూల స్తంభానికి. దేవదారుది, పిడుగు చీల్చిన దానికి."

"పైనా, కిందా?"

"నడుమెత్తులో. చాలా బిగించావు. పళ్లతో లాగాల్సొచ్చింది."

"డెలియా!" అని అరిచాడు. ఆమె పక్కనే ఉంది. "విన్నావా? కట్టాను! నేను కట్టాను! పళ్లతో లాగితేగానీ రాలేదట!"

నవ్వుతున్నాడు, కళ్లనుంచి నీళ్లు కారుతున్నాయి. గది ఈ మూల నుంచి ఆ మూలకి రెండుసార్లు నడిచాడు. తర్వాత డెలియా భుజం మీది బిడ్డని తీసుకున్నాడు. డెలియా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"పుట్టాక ఇదే మొదటిసారి," అంది నాతో, వాడికి వినపడకుండా. "పడేస్తానేమో, నా చేతుల్ని నమ్మను అంటాడు. దూరం నుంచి చూసేవాడు."

నేను వాడి ఊరూ ఇల్లూ పోగొట్టాననుకున్నాను ఇన్నాళ్లూ. వాడి చేతులే పోగొట్టానని నాకు ఇవాళ తెలిసింది. కూర్చుండిపోయాను.

లైల్ బిడ్డని ఊపుతూనే మాట్లాడుతున్నాడు. "ఇవాళే వెళ్లాలి అక్కా. నాన్నకి ఇవాళే చెప్పాలి. పాపం ముసలాడు! కన్నకొడుకు చేతకానివాడయ్యాడని ఐదు నెలలుగా లోలోపల ఎంత కుమిలిపోయుంటాడో. ఈ మాట వింటే ఆయన మొహం..." ఆగి, "నిన్ను తిడతాడేమో. నేను చెబుతాలే, తిట్టొద్దని," అన్నాడు.

డెలియా నావైపే చూస్తోంది. నా మొహంలో ఏం కనపడిందో ఆమెకి.

ఒకసారి నోరు మూసుకుని వాణ్ణి ఈ గతికి తెచ్చాను. ఇప్పుడు మూసుకుంటే వాడికి ఇవాళ్టి సంతోషమైనా మిగులుతుంది. ఆ ఒక్క క్షణం ఏది పాపమో నాకు తెలియలేదు. కానీ వాడు వెళ్లి ఆయన ముందు నిలబడి, కట్టాను నాన్నా అని మళ్లీ అప్పజెప్పడం నేను చూడలేను.

"నాన్నకి తెలుసు లైల్," అన్నాను. "నిన్ను అడగకముందే తెలుసు. తోలు కాలిన వాసనకి పట్టేశాడు."

రైలేదో వచ్చింది. గోడలు అదిరాయి. లైల్ బిడ్డని దించుతాడనుకున్నాను. దించలేదు, ఇంకాస్త దగ్గరికి పొదువుకున్నాడు.

"తెలిసే అడిగాడా?" అన్నాడు. "వెనక్కి తిరిగి చూశావా అని?"

"తెలిసే."

చాలాసేపు ఆ పిల్ల మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. ఎందుకు విప్పావని అడుగుతాడేమోనని ఎదురుచూశాను. అడగలేదు. వల్లించుకున్నదంతా నా నోట్లోనే ఉండిపోయింది.

"బయల్దేరక్కా," అన్నాడు చివరికి. గొంతులో కోపం లేదు, కోపం ఉన్నా బాగుండేది. "మేం రాం. ఆ ఇల్లు, ఆ పశువులు, నాన్న, అన్నీ నువ్వే ఉంచుకో. పొద్దుపోతే ఆయనకి ఆకలేస్తుంది."

చీకటి పడకముందే ఇంటికి చేరాను. నాన్న వరండాలో నిలబడి ఉన్నాడు. దారివైపు, నా వెనకాలే ఇంకో గుర్రం వస్తుందేమోనని చూస్తున్నాడు. వస్తుందని భయమో, రావాలని ఆశో.

"ఏమన్నాడు?" అని అడిగాడు.

"రాడట."

తల ఊపి లోపలికి నడిచాడు. వంటిల్లు నాకే మిగిలింది. మేడమీది గదీ నాకే. ముడి విప్పిన రోజున నేను అడిగింది ఇంతకంటే ఎక్కువేమీ కాదు. బంగాళాదుంపలు తరిగి పొయ్యిమీద పెట్టాను. నాన్న బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆయనకి వడ్డించాలి.